కార్డేగా, అరిగిపోద్దా?

ఆ ఏడు నరసరావుపేటలో ఎండలు ఎట్లా కాశాయంటే, కాకులు ఎగరడం మానేసి గోడల నీడన నడిచి పోయేవి. నేను నా కళ్ళతో చూశాను. ఒక కాకి మా గడప ముందు ఆగి, పిలిస్తే లోపలికి వద్దామా అన్నట్టు తల వంచి చూసింది కూడా. నమ్మకపోతే మీ ఇష్టం. నా మాట నమ్మి చెడిపోయిన వాళ్ళు తక్కువ. నా మాట వల్ల చెడిపోయింది మాత్రం ఒకే ఒక్క ఇల్లు. అది మాదే.

నా పేరు కుల్సుం. మేము దూదేకుల వాళ్ళం. మా ఆయన ఇస్మాయిల్ వాళ్ళ తాత దూది ఏకాడు, ఈయన దూది మోస్తాడు. అంటే లారీ డ్రైవరు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ అయిందంటే చాలు, మిల్లుల్లో పత్తి బేళ్ళు కొండల్లా లేచేవి. అవి ఎక్కించుకుని కోయంబత్తూరు పోయేవాడు. పోను అయిదు రోజులు, రాను అయిదు రోజులు, ఇంట్లో రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో ఒక రోజు నిద్రే. తొలకరి పడేదాకా ఇదే వరస.

గురజాల నుంచి వచ్చి మాకు అప్పటికి ఏడాది కాలేదు. లారీల స్టాండు వెనక ఒకే కప్పు కింద ఆరు గదులు, ఆరు పొయ్యిలు, ఒక్క పంపు. ఎడమ పక్క గదిలో దయామణి, బళ్ళో ఆయా. కుడి పక్క వరలక్ష్మి, ఆమె భర్త బస్సు కండక్టరు. అందరూ మంచివాళ్ళే. కానీ ఎవరి తలుపు వాళ్ళు వేసుకునేవాళ్ళు. నాకు పిల్లల్లేరు. మధ్యాహ్నం పూట నేను గోడకేసి మాట్లాడితే గోడ కూడా అటు తిరిగి పడుకునేది.

ఇంటి ఖర్చుకు నా దగ్గర అయిదు పాలపొడి డబ్బాలుండేవి. నాకు చదువు రాదు కదా, అందుకని ఒకదానికి బియ్యపు గింజ, ఒకదానికి అగ్గిపుల్ల, ఒకదానికి చింతగింజ బంకతో అంటించాను. బియ్యం డబ్బు, కిరసనాయిలు డబ్బు, పచారీ డబ్బు. నాలుగోదానికి ఏమీ అంటించలేదు, జబ్బు జాడ్యాలకి. జబ్బుకి బొమ్మ ఎక్కడ దొరుకుతుంది? ఆయన జీతం తెచ్చి చేతిలో పెట్టగానే పంచేసేదాన్ని. అగ్గిపుల్ల డబ్బా అయిపోతే ఇక ఆ నెల దీపం లేదు, అంతే. బియ్యం డబ్బాలోంచి తీసి అందులో పెట్టడం నా పద్ధతి కాదు.

అయిదో డబ్బాకి ట్యూబు వాల్వు మూత కట్టాను. అది అన్నిటికన్నా బరువు. వినుకొండ రోడ్డులో అబ్దుల్ మజీద్ అనే ముసలాయనకి పంక్చర్ల కొట్టు ఉంది, గాలి మిషనుతో సహా. మోకాళ్ళు పోయి, మూడు వేలకి ఇచ్చేస్తానన్నాడు. "తొలకరి దాకా ఆగుతా ఇస్మాయిలూ, తర్వాత నా కొడుకు ఆగడు" అని మాట ఇచ్చాడు. నాలుగేళ్ళ కూడబెట్టు రెండు వేల ఆరు వందలు ఆ డబ్బాలో ఉన్నాయి. ఈ సీజను బోనసు కలిస్తే సరిపోతుంది. కొట్టు మాదైతే ఆయన పొద్దున పోయి సాయంత్రం వస్తాడు. ప్రతి సాయంత్రం. ఆ మాట అనుకుంటే నాకు నవ్వొచ్చేది. ఇంతమంది మొగుళ్ళు రోజూ ఇంటికొస్తున్నారు, వాళ్ళ పెళ్ళాలకి అదొక వింతగా కూడా లేదు.

ఉగాది వెళ్ళిన వారానికి ఆయన చొక్కా జేబులోంచి ఒక పచ్చ అట్టముక్క తీశాడు. దాని మీద ఒక అంకె, ఒక సీలు.

"ఏందయ్యా ఇది? రేషను కార్డా?"

"కాదే. కొట్టు కార్డు. స్టేషన్ రోడ్డులో కొత్తగా స్టీలు సామాన్ల కొట్టు పెట్టారు గదా, ఆ షావుకారు మా లారీ ఓనరుకి బావమరిది. ఓనరు పూచీ మీద డ్రైవర్లందరికీ ఇచ్చాడు. ఇది చూపిస్తే రెండున్నర వేల దాకా ఏం కావాలంటే అది ఇస్తారు. వానలు పడ్డాక కట్టొచ్చు."

"చేతిలో పైసా లేకుండానా?"

"లేకుండానే."

"మరి ఆయనకేం లాభం?"

"ఫ్యాను మీద పాతిక ఎక్కువ ఏసుకుంటాడు. ఊరికే ఎవురిస్తారే?"

నేను ఆ అట్టముక్కని అరచేతిలో పెట్టి తూచాను. ఈకంత బరువు లేదు. "డబ్బాలోంచి డబ్బు తీస్తే డబ్బా తేలికవుద్ది, తెలిసిపోద్ది. దీంట్లోంచి తీస్తే ఏం తేలికవుద్దయ్యా?"

"అందుకే నీ చేతికిస్తన్నా. ఎండకి మాడిపోతన్నావు, ఒక ఫ్యాను తెచ్చుకో. నెలకింత కట్టుకుందాం. తర్వాత పెట్టె అడుక్కి తోసెయ్, బయటికి తీయమాక. ఇంకోటి. సంతకం రానోళ్ళకి గుర్తు మాట పెట్టమన్నారు. కార్డిచ్చి ఆ మాట చెప్తేనే సామాను. మన పొట్టేలు పేరు చెప్పా. నవాబు."

"నవాబా!"

"ఎవురికీ చెప్పమాక కుల్సుం. నీ నోట్లో నువ్వుగింజ నానదు."

"నువ్వుగింజ నానకపోతే పోయింది, అంత పొట్టేలు నా నోట్లో ఎట్టా పట్టుద్దయ్యా?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. తెల్లారి లారీ వెళ్ళిపోయింది.

నేను ఫ్యాను తెచ్చుకున్నాను. తల అటూ ఇటూ తిప్పే బల్ల ఫ్యాను, మూడు వందల ఎనభై. మంచి ఫ్యానే కానీ, దాని గుణం నాకు నచ్చలేదు. నేను ఏది చెప్పినా కాదు కాదు అని తల తిప్పేది. "ఇయ్యాళ కూర బాగుంది గదా?" కాదు. "ఆయన రేపొస్తాడు గదా?" కాదు. నాలుగు రోజులు దాంతో పోట్లాడి ఊరుకున్నాను.

అయిదో రోజు దయామణి వచ్చింది. బడికి సెలవులిచ్చేశారు, ఇంట్లో ఉడికిపోతోంది. వచ్చి ఫ్యాను ముందు కూర్చుని కొంగు దులుపుకుని, "వదినా, చల్లగా ఉందే నీ ఇల్లు" అంది. నేను టీ పెట్టాను. రెండో రోజు వరలక్ష్మిని వెంటబెట్టుకుని వచ్చింది. మూడో రోజు నేను వాళ్ళకి నవాబు కథ చెప్పాను.

గురజాలలో మాకు నవాబని పొట్టేలు ఉండేది. తెల్లటి ఒళ్ళు, ఎడమ చెవి ఒక్కటి ఎరుపు. ఒకసారి మాచర్ల బస్సు ఎక్కిస్తుంటే కండక్టరు దానికీ టికెట్టు తీయమన్నాడు. నవాబుకి రోషం వచ్చింది. నాలుగడుగులు వెనక్కి వేసి బస్సు మూతి మీద ఒక్కటి పొడిచింది. బస్సు వెనక్కి పోయి పోయి దాచేపల్లిలో ఆగింది. దిగిన జనమంతా డబ్బులు వాపసు ఇమ్మని గొడవ. ఎందుకంటే వాళ్ళు ఎక్కింది దాచేపల్లిలోనే.

వరలక్ష్మి కడుపు పట్టుకుని నవ్వింది. "మా ఆయనకి చెప్తే ఉద్యోగం మానేస్తాడక్కా!" అంది. ఆమె నవ్వు చూసి నాకు ఇంకా ఏదో ఇవ్వాలనిపించింది. చేతిలో పెట్టడానికి కారప్పూస కూడా లేదు. అందుకని, "అంతెందుకు, ఇయ్యాళ్టికీ స్టేషన్ రోడ్డు కొట్లో నవాబు పేరు చెప్పి కార్డు చూపిస్తే ఫ్యాన్లు ఊరికే ఇచ్చి పంపిస్తారు" అని కొసరు వేశాను.

అప్పుడు దయామణి అడిగింది. "వదినా, ఆ కార్డు ఒక్క పూట ఇయ్యవూ? కుక్కరు తెచ్చుకుంటా. వారానికి పది రూపాయలు నీ చేతిలో పెడతా."

నేను కొంచెం తటపటాయించాను.

"కార్డేగా వదినా, అరిగిపోద్దా?"

మా గదుల వరసలో ఒక పద్ధతి ఉండేది. నిచ్చెన వరలక్ష్మి వాళ్ళది, జల్లెడ దయామణిది, రుబ్బురోలు అందరిదీ. అడిగినవాళ్ళకి వస్తువు లేదనడం కన్నా ముఖాన తలుపు వేయడం నయం. నేను వచ్చి ఏడాదవుతున్నా, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నా దగ్గర అడగదగిన వస్తువు ఏదీ లేదు మరి. అదే మొదటిసారి. పెట్టె తెరిచి కార్డు తీసి ఇచ్చాను. ఇస్తుంటే చెయ్యి తేలికగా లేచింది.

అక్కడి నుంచి మా ఇల్లు సత్రమైపోయింది. మధ్యాహ్నం రెండు కొట్టేసరికి ఆరుగురు, ఏడుగురు ఆడవాళ్ళు. నా ఫ్యాను కూడా తల తిప్పడానికి చోటులేక ఒకవైపే చూసేది. కార్డు వరలక్ష్మికి వెళ్ళి రెండు స్టీలు బిందెలతో వచ్చింది. చివరి గదావిడకి వెళ్ళి టిఫిన్ క్యారియరుతో వచ్చింది. ఎవరి డబ్బు వాళ్ళు వారం వారం తెచ్చి ఇచ్చేవాళ్ళు, అందులో ఎవరినీ అనడానికి లేదు. చేతిలో పెట్టి, కూర్చుని, ఇంకో కథ చెప్పించుకుని పోయేవాళ్ళు. కిరసనాయిలు క్యూలో నిలబడినా, "అక్కా, ఆ పొట్టేలు సంగతి ఈళ్ళకి చెప్పు" అనేవాళ్ళు. నేను చెప్పేదాన్ని. చెవి రంగు దగ్గర్నుంచి కార్డు కొసరు దాకా, ఒక్క ముక్క వదలకుండా. ముందున్నవాళ్ళు డబ్బాలు కింద పెట్టి మరీ వినేవాళ్ళు. వాళ్ళెవరో, ఏ పేటవాళ్ళో నాకేం తెలుసు?

మధ్యలో ఆయన రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. "ఏమే, మొఖం కళకళలాడతంది?" అన్నాడు. ఫ్యాను గాలి అన్నాను.

ఒక రోజు కార్డు ఎక్కడుందో నాకు తెలియలేదు. దయామణి వాళ్ళ ఆడబిడ్డ దగ్గరన్నారు. నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చింది, మూల కొంచెం నలిగి. నేను చొక్కా ఇస్త్రీ చేసినట్టు దాన్ని అరచేత్తో సాపు చేసి పెట్టెలో పెట్టాను. నిజం చెప్పాలంటే ఆ నాలుగు రోజులూ కార్డు ఏమైందోనని కాదు నా బెంగ. అది ఏ ఇంటికి పోయిందో, అక్కడ ఏం కబుర్లు చెప్పుకున్నారో, నేను వినలేకపోయానని.

రోహిణి కార్తెలో కొట్టు గుమాస్తా సైకిలు మీద వచ్చాడు. గడప బయటే నిలబడి తుండుతో మెడ తుడుచుకుని లెక్క చదివాడు. బల్ల ఫ్యాను, కుక్కరు, బిందెలు, క్యారియరు. అన్నిటికీ తల ఊపాను. తర్వాత చదివాడు. "సీలింగు ఫ్యాన్లు రెండు. మిక్సీ ఒకటి. గోడ గడియారం ఒకటి. ఈ నాలుగూ కలిపి పదమూడొందల యాభై."

"అయి మాయి కావయ్యా."

"మీ మరిది తీసుకెళ్ళాడు గదమ్మా, రిక్షాలో ఏసుకుని."

"నాకు మరుదులు లేరు. మా ఆయన ఒక్కడే కొడుకు."

గుమాస్తా ముఖం కాస్త పాలిపోయింది. "కార్డు తెచ్చాడు. గుర్తు చెప్పాడు. నాక్కాస్త అనుమానమొచ్చి, ఏందయ్యా నవాబు అంటే అని కూడా అడిగానమ్మా. పొట్టేలు అన్నాడు. ఎడమ చెవి ఎరుపు అన్నాడు. దాచేపల్లి దాకా బస్సును నెట్టిందంట గదా. నేను నవ్వి ఇచ్చి పంపించా."

నేను కూడా నవ్వాను. నవ్వు అలవాటు కొద్దీ వచ్చింది, ఆపడం తెలియలేదు.

"మనిషితో మాకు పన్లేదమ్మా, కార్డు తెచ్చినోళ్ళకి ఇస్తాం, అట్టాగని ముందే చెప్పాం. వానలకి కట్టకపోతే షావుకారు మీ ఓనరుని అడుగుతాడు. ఓనరు మీ ఆయన జీతంలో పట్టుకుంటాడు. పేరు పోద్ది, చూసుకోండి మరి" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

దయామణిని పట్టుకుని అడిగాను. ఆమె ఆడబిడ్డ ఇంటికి ఎండలో పరిగెత్తి వెళ్ళి, ఏడుస్తూ వచ్చింది. "మా ఆడబిడ్డ పక్కింటోళ్ళకి ఇచ్చిందంట వదినా. ఆళ్ళు ఎవురికిచ్చారో ఆళ్ళకే గుర్తు లేదంట. జల్లెడ ఇచ్చినట్టే ఇచ్చుకున్నారు. కార్డేగా అనుకున్నాం. ఏసు ప్రభువు సాక్షిగా నేను ఒక్క కుక్కరే తెచ్చా."

"నిన్ను నేనేమన్నా అన్నానా దయామణీ?"

"అనలేదనుకో. అయినా..."

ఆ 'అయినా' దగ్గర ఆగిపోయింది. మర్నాడు పొద్దున కుక్కరు డబ్బు మొత్తం తెచ్చి ఒకేసారి ఇచ్చేసింది. వరలక్ష్మి కూడా. చివరి గదావిడ కూడా. గడప మీదే నిలబడి, నేను లెక్క చూసుకునేదాకా ఉండి, మళ్ళీ రాలేదు. నేను ఎవరినీ అనుమానించలేదు. కానీ అనుమానిస్తున్నానేమో అని వాళ్ళ అనుమానం. ఫ్యాను ముందు కూర్చుంటే, రెండు ఫ్యాన్లు ఎవరెత్తుకుపోయారన్న మాట వస్తుందని భయం. పంపు దగ్గర నన్ను చూడగానే, "నువ్వు పట్టుకో అక్కా, మాకు తొందర్లేదు" అని బిందెలు జరిపి దారి ఇచ్చేవాళ్ళు. అంత మర్యాద నాకు ఎవరూ ఎప్పుడూ చేయలేదు.

మధ్యాహ్నం టీ ఒక్క గ్లాసుకే పెట్టడం మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. మూడు రోజుల పాటు కొలత కుదరక పారబోశాను.

ఆయన వచ్చేలోపల నా దగ్గర ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజుల్లో ఎనిమిది కథలు అల్లాను. దొంగలు పడ్డారని ఒకటి. గుమాస్తా లెక్కలు తప్పు రాశాడని ఒకటి. ఒకదాంట్లో నేను ఆ దొంగని రొంపిచర్ల దాకా తరిమాను, వాడు మిక్సీ నెత్తిన పెట్టుకుని కాలవ ఈదాడు. అది చాలా బాగా వచ్చింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తొస్తుంది.

ఆయన సాయంత్రం వచ్చాడు. స్నానం చేసి అన్నం తిని బీడీ ముట్టించాడు. ఈశాన్యాన మబ్బు పట్టింది. "బోనసు ఇచ్చారే. నాలుగొందల యాభై. రేపు మజీదు తాత కాడికి పోదాం" అన్నాడు.

నేను కార్డు తెచ్చి ఆయన ముందు పెట్టాను. మొదటి నుంచి చెప్పాను. దయామణి అడగడం, నేను ఇవ్వడం, క్యూలో నవాబు కథ చెప్పడం, గుమాస్తా రావడం. ఏ రంగూ వేయలేదు. ఎవరినీ ఎక్కడికీ తరమలేదు.

ఆయన వింటూ ఉన్నాడు. పెదాల చివర నవ్వు అట్లాగే నిలబడి ఉంది. నేను ఏది చెప్పినా అట్లాగే వినేవాడు, ఎక్కడ మెలిక తిరుగుతుందా అని కాచుకుని. నేను ఆపాక కూడా కాచుకునే ఉన్నాడు.

"ఆ తర్వాత?" అన్నాడు.

"తర్వాతేం లేదయ్యా. అంతే."

బీడీ ఆరిపోయింది. మళ్ళీ ముట్టించుకోలేదు.

"ఎందుకిచ్చావే?" అని మాత్రం అడిగాడు.

"అడిగారు" అన్నాను.

నన్ను కొట్టలేదు, తిట్టలేదు. తిడితే నేనూ నాలుగు అనేదాన్ని, పని తేలికయ్యేది. పొద్దున్నే అయిదో డబ్బా దించి, వాల్వు మూత ఊడదీసి కిటికీలో పెట్టి, నోట్లు తీసుకుని స్టేషన్ రోడ్డుకి వెళ్ళాడు. ఎవడో మోసుకుపోయిన ఫ్యాన్లకీ, మా ఫ్యానుకీ కలిపి కట్టేసి, కార్డు షావుకారు బల్ల మీద పెట్టి వచ్చాడు. దారిలోనే అబ్దుల్ మజీద్ దగ్గర ఆగి, కుదరదు తాతా అని చెప్పి వచ్చాడట. ముసలాయన ఏమన్నాడని అడిగాను. "ఏమంటాడు? కాసేపు కూకోమన్నాడు" అన్నాడు. ఆ నెలాఖరుకి గాలి మిషను ఎవరో సత్తెనపల్లి వాళ్ళు కొనుక్కుపోయారు.

మర్నాడు లారీ హారను తెల్లారకముందే మోగింది. పత్తి సీజను అయిపోయింది కదా, ఇప్పుడిక మిరపకాయల టిక్కీ బస్తాలు, బొంబాయి దాకా. వాన ఇంకా పడలేదు, మట్టి వాసన మాత్రం వస్తోంది. సద్దిమూట చేతికిచ్చి ఆయన వెంట స్టాండు దాకా నడిచాను. వరసలో తలుపులన్నీ మూసి ఉన్నాయి.

ఆయన లారీ మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. ఎప్పుడూ అక్కడ నేను ఏదో ఒక సరసం ఆడి పంపించేదాన్ని. దారిలో దయ్యం ఎక్కితే కూలి అడగమనో, బొంబాయిలో సముద్రం ఉప్పు సరిపోయిందో లేదో చూసి రమ్మనో.

"ఏమయ్యా" అన్నాను. "ఒక్కదాన్నే ఉండలేకపోతన్నా."

ఆయన తిరిగి చూశాడు. ఆ మాట పదమూడేళ్ళ కాపురంలో నేను ఎప్పుడూ అనలేదు. అనాలని కూడా నాకు తెలియదు.

"ఎరుకే" అన్నాడు. "నాకు మట్టుకు ఎవురున్నారే ఆడ? ముసలి క్లీనరు. ఆడికి చెముడు" అన్నాడు.

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. పైనుంచి క్లీనరు, ఏం విన్నాడో ఏమో, తనూ నవ్వాడు.

ఆయన ఎక్కి తలుపు వేసుకున్నాడు. ఆ ట్రిప్పుకి పద్దెనిమిది రోజులు పట్టింది.